విహారనౌకలో మన స్థానము

సిర్గాపూరు, నారాయణఖేడ్ ప్రాంతములవారికి నీరు కొత్తది కాదు. నల్లవాగు ప్రాజెక్టు వారి ముంగిటనే యున్నది. మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరము వారికి చిరపరిచితము. ఆ మంజీర కందకుర్తివద్ద గోదావరిలో కలిసి, తుదకు బంగాళాఖాతమును చేరుచున్నది. అయినను తమ వాగునీరు చేరుకొను ఆ మహాసముద్రమును కన్నులార చూచినవారు ఆ పల్లెలలో అందరును కారు. సెలవులలో పిల్లలను వెంటబెట్టుకొని విశాఖపట్టణమునకు వెళ్ళు కుటుంబములకు సముద్రమును చూచుట ఎంత కొత్తయో, సముద్రముపై నౌక నెక్కి విహరించుట అంతకంటె కొత్త. అట్టివారిని మనస్సునం దుంచుకొని ఈ ప్రసంగమును సిద్ధపరచితిమి.

ఒడ్డున నిలిచినవాడు సముద్రమును చూచును. నౌక నెక్కినవాడు పట్టణమును చూచును. విహారయాత్రలోని ఆనందమంతయు ఈ తారుమారులోనే యున్నది. అయితే మరియొక భేదము కూడ కలదు. ఒడ్డున నున్నవాడు కేవలము చూపరి. నౌకలో నున్నవాడు చూపరియు, నౌక మోయు బరువును కూడ. ఈ రెండవ సంగతిని టికెట్టు కొనునప్పుడు ఎవరును మనకు చెప్పరు. దానిని తెలిసికొని యుండుట మన ప్రాణములకు అవసరము.

మొదట ఆ దృశ్యమెట్టిదో చూతము. విశాఖ తీరము నైరృతినుండి ఈశాన్యముగా సాగుచున్నది. రేవు ముఖద్వారమునకు దక్షిణమున ఒక కొండ సముద్రములోనికి చొచ్చుకొని వచ్చియున్నది. డాల్ఫిను ముక్కును పోలియుండుటచే దానిని డాల్ఫిన్ నోస్ అని పిలుచుచున్నారు. ఒడ్డునుండి చూచువారికి అది దీపస్తంభమును మోయుచున్న ఒక కొండ మాత్రమే. నౌకలోనుండి చూచువారికి ఈ పట్టణము ఇచ్చటనే ఏల పెరిగినదో ఆ కొండయే చెప్పును. నైరృతి ఋతుపవనములు వీచు కాలమున దక్షిణమునుండి వచ్చు అలల తాకిడిని అది చాలవరకు అడ్డగించును. దాని చాటున, మేఘాద్రిగెడ్డ సముద్రమును చేరు చోట, రేవును త్రవ్విరి. 1933 అక్టోబరు 7వ తేదీన జలదుర్గ యను నౌక అందు ప్రవేశించినది.

ముఖద్వారమునకు ఉత్తరమున మూడు గుట్టలు కలవు. వానిలో ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై దర్గా, ఒకదానిపై చర్చి వెలసియున్నవి. సముద్రమునకు వెళ్ళువారును, సముద్రమునుండి తిరిగివచ్చువారును ఆ మూడింటిని చూచుచునే పోవుదురు. లోపలి రేవులో నౌకానిర్మాణశాల యున్నది. 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించిన జలఉష అను నౌక అచ్చటనే నిర్మింపబడెను.

అటనుండి ఉత్తరముగా సాగినచో రామకృష్ణా బీచి కనబడును. 1969లో నౌకాదళమున చేరి, 2001లో విశ్రాంతి పొందిన కురుసుర యను జలాంతర్గామి, 2002నుండి ప్రదర్శనశాలయై అచ్చట ఒడ్డుననే నిలిచియున్నది. దాని వెనుక మిట్టపై 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఇంకను ముందునకు కైలాసగిరి, దానికావల ఋషికొండ. ఇసుకను గూర్చి కూడ ఒక మాట చెప్పవలెను. తూర్పు తీరమున అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుటచే ఏడాదిలో ఎక్కువకాలము ఇసుక దక్షిణమునుండి ఉత్తరమునకు తరలిపోవుచుండును. రేవుకట్టడములు ఆ తరలింపు నడ్డగించినవి. అందుచే రేవు ముఖమున ఇసుక పూడుచుండును. ఉత్తరపు బీచి కోతకు గురియగుచుండును. రేవులో త్రవ్విన ఇసుకను బీచికి చేర్చు పని అందువలననే అవసరమైనది. ఒడ్డున నడచువానికి తెలియని ఈ కథ నౌకలోనుండి చూచువానికి ఒక పటమువలె కనబడును.

ఇప్పుడు శ్రోతలు ఒక సంగతి గమనింతురుగాక. నౌక ఈశాన్యముగా పోవుచున్నంతసేపు చూడదగినదంతయు ఎడమవైపుననే యున్నది. కుడివైపున ఉన్నది వట్టి నీరు. కనుక కుడివైపు కూర్చున్నవారికి లేచి ఎడమవైపునకు పోవలెనను కోరిక కలుగుట సహజము. ఒకరు లేచినచో పదిమంది లేతురు. పిల్లలను ఎత్తుకొని తల్లులు, ఛాయాచిత్రములు తీయుటకు యువకులు, అందరును ఒకే కమ్మిని పట్టుకొని నిలుతురు. విహారనౌకకు గల ప్రత్యేకమైన అపాయము ఇదియే. సరకుల పడవలో బస్తాలు చూడ ముచ్చటైనవాటికొరకు లేచిపోవు. మనుష్యులు పోవుదురు.

ఎడ్లబండిపై ధాన్యము వేయువారికి దీనిని వేరుగా చెప్ప నక్కరలేదు. బస్తాలను ఇరువైపుల సమముగా పేర్చి, త్రాటితో బిగించి కట్టుదురు. గతుకులలో ఒకవైపు జారినచో బండి ఒరుగునని వారికి తెలియును. ఇప్పుడు ఒక లెక్క వేయుదము. నౌకలో అరువదిమంది కలరనుకొనుడు. మనిషికి అరువది కిలోలచొప్పున మొత్తము 3,600 కిలోలు. కుడివైపు ముప్పదిమంది ఎడమవైపునకు వచ్చినచో 1,800 కిలోలు చోటు మారినవి. అనగా ఏబది కిలోల బస్తాలు ముప్పదియారింటిని ఒక్క నిమిషములో, కట్టు లేకుండ, ఒక ప్రక్కకు నెట్టినట్లే.

నౌక ఒరిగినను తిరిగి నిలువబడుటకు కారణమేమి? నౌక నీటిలో తేలుచున్నప్పుడు రెండు బలములు పనిచేయుచుండును. దాని బరువు క్రిందికి లాగును. నీరు దానిని పైకి త్రోయును. నౌక ఎడమకు ఒరిగినప్పుడు ఎడమప్రక్క నీటిలో ఎక్కువగా మునుగును. మునిగిన ప్రక్కను నీరు అధికముగా పైకి త్రోయును. ఆ త్రోపుచేతనే నౌక తిరిగి నిటారగును. బరువు క్రిందిభాగమున ఉన్నంతవరకు ఈ పని చక్కగా జరుగును. బరువు పైకి పోయిన కొలది తిరిగి లేచు శక్తి తగ్గుచుండును. అందుచే రెండంతస్తుల నౌకలో అందరును మేడపైకి ఎక్కుట, అటుపై ఒకే ప్రక్కకు చేరుట, ఈ రెండును కూడినచో అపాయము రెట్టింపగును.

మరియొక సూక్ష్మము కలదు. అడుగున చేరిన నీరు నౌక ఏవైపు ఒరిగిన ఆవైపునకే పరుగెత్తి ఆ ఒరుగుదలను పెంచును. భయపడిన జనసమూహము కూడ కొంతవరకు ఆ నీటివలెనే ప్రవర్తించును. నౌక ఒరుగగానే కొందరు జారుదురు, కొందరు పరుగెత్తుదురు. సరంగు ఎంత నేర్పరియైనను అట్టి బరువును చుక్కానితో సరిదిద్దలేడు.

ఇది పుస్తకములోని శాస్త్రము మాత్రమే కాదు. 1915 జూలై 24న అమెరికాలోని చికాగో నగరమున ఈస్ట్‌లాండ్ అను విహారనౌక, రేవుగట్టునకు ఇంకను కట్టబడి యుండగనే, ఒక ప్రక్కకు పొరలిపోయెను. 2,500 మందికి పైగా ప్రయాణికులు అందుండిరి. ఎనిమిది వందల నలుబదిమందికి పైగా మరణించిరి. అప్పుడు తుపాను లేదు, నడిసముద్రమును కాదు, నదిలో, ఒడ్డునకు కొన్ని అడుగుల దూరమున జరిగినది. ఆ నౌక మొదటినుండియు నిలకడ తక్కువగలది. అంతకు మూడేండ్ల క్రిందట టైటానిక్ మునిగిన పిమ్మట ప్రాణరక్షణకై అదనపు పడవలను దాని పైభాగమున చేర్చిరి. రక్షణకై చేర్చిన ఆ బరువే నిలకడను మరింత తగ్గించినది.

మన నదులును మనకు పాఠము నేర్పినవి. 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నమువద్ద అనుమతి లేని విహారపడవ ఒకటి బోల్తాపడి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరువద్ద వరద గోదావరిలో మునిగెను. అందు డెబ్బదిమందికి పైగా ఉండగా ఇరువదియారుగురు మాత్రమే బ్రతికి బయటపడిరి. ఆ మృతులలో హైదరాబాదువారు, వరంగల్లు చేరువనున్న కడిపికొండవారు పెక్కురు. సముద్రమునకును మహానదులకును దూరముగా బ్రతికి, ఒక్కనాటి వేడుకకై వచ్చినవారే వారు. బ్రతికినవారిని నాటుపడవలలో వచ్చి పైకి లాగినవారు ఆ తీరపు పల్లెవాసులు. అందరిని హరించినది ఒకే కారణమని మేము చెప్పుటలేదు. ఒకచోట వరద, ఒకచోట అనుమతి లేమి. కాని ప్రయాణికునికి ముందుగా తెలిసియుండవలసిన సంగతులు అన్నిచోట్లను ఒక్కటే.

ఆ సంగతు లేవి? మొదటిది, అనుమతి. లోతట్టు జలములలో తిరుగు పడవలకు 1917నాటి చట్టమునకు బదులుగా 2021లో కొత్త చట్టము వచ్చినది. పడవను పరీక్షించి నమోదు చేయవలెనని అది శాసించుచున్నది. ఎందరిని ఎక్కించుకొనవచ్చునో ఆ సంఖ్య పడవపై కనబడవలెను. చూచుటకు మనకు రెండు కండ్లున్నవి. లెక్కించుటకు చదువు అక్కరలేదు. సంఖ్య మించినచో దిగిపోవుట అవమానము కాదు.

రెండవది, లైఫ్ జాకెట్టు. దానిని ఆసనముక్రింద చూచుకొని తృప్తిపడుట చాలదు; బయలుదేరుటకు ముందే ధరించి పట్టీలు బిగించవలెను. వదులుగా వేసికొన్న జాకెట్టు నీటిలో పైకి జారి ముఖమునకు అడ్డుపడును. పిల్లలకు పెద్దవారి జాకెట్టు పనికిరాదు. వారి కొలతకు తగినదే అడుగవలెను. ఉక్కగా నున్నదని నడిమధ్య విప్పరాదు. అద్దపు గదిలో కూర్చున్నవారు బయటికి పోవు దారి ఎటున్నదో కూర్చుండగనే చూచుకొనవలెను. నీరు నిండిన గదిలో జాకెట్టు మనిషిని కప్పునకే అదిమివేయగలదు.

మూడవది, వాతావరణము. ఉదయము సముద్రము తరచుగా శాంతముగా నుండును. ఎండ ముదిరి నేల వేడెక్కిన కొలది సముద్రపు గాలి బలపడి మధ్యాహ్నమునకు అలలు లేచును. కొత్తవారు ఉదయపు ప్రయాణమును ఎన్నుకొనుట మేలు. వర్షాకాలమునను, అక్టోబరు నవంబరు నెలల తుపాను కాలమునను మరింత జాగ్రత్త అవసరము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినది ఈ విశాఖనే. రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికల సంఖ్యలను రేడియోలో శ్రోతలు వినుచునే యున్నారు. ఒకటవ సంఖ్య దూరమున వాయుగుండము ఏర్పడినదని హెచ్చరిక, మూడవది రేవుకే ఈదురుగాలుల తాకిడి కలుగునని, పదవది మహాప్రమాదము. మత్స్యకారులు వేటకు వెళ్ళవద్దని చెప్పిన దినమున విహారమునకు పోవలసిన పనిలేదు. పుట్టుకతో సముద్రమును ఎరిగినవారు వల చుట్టిపెట్టిన నాడు, నిన్ననే సముద్రమును చూచినవారు నౌక నెక్కుట తగదు.

నాల్గవది చిన్నదే కాని వేడుకను చెడగొట్టునది, తలతిప్పుట. లోపలిచెవిలోని సమతూకపు అవయవము మనము ఊగుచున్నామని చెప్పును. ఎదుటనున్న నౌకగోడను చూచుచున్న కన్ను మనము కదలుట లేదని చెప్పును. ఈ రెండు సాక్ష్యములకు పొత్తు కుదరక వాంతి వచ్చును. అట్టివారు నౌక నడుమ, క్రింది అంతస్తున, గాలి తగులు చోట కూర్చుండి దూరపు దిగంతరేఖను చూడవలెను. కడుపు నిండ తినియు, బొత్తిగా తినకయు ఎక్కరాదు. ఊగుట తక్కువగా నుండునదియు నౌకకు నిలకడ నిచ్చునదియు ఒకే చోటు. అనగా మన సుఖమును, అందరి క్షేమమును ఇచ్చట ఏకమైనవి.

విహారనౌకలు బయలుదేరు స్థలము, వేళలు, చార్జీలు కాలమునుబట్టి మారుచుండును గనుక వెళ్ళునప్పుడు పర్యాటకశాఖవారిని అడిగి తెలిసికొనవలెను. పిల్లలకు చెప్పవలసినది మాత్రము గట్టుమీదనే చెప్పవలెను. నౌక కదలిన పిమ్మట వేడుకలో ఎవరి మాటయు ఎవరికిని వినబడదు. చెప్పవలసినదియు మిక్కిలి స్వల్పము. పోవునప్పుడు పట్టణము ఎడమవైపున నుండును. నౌక మరలినప్పుడు అదే పట్టణము కుడివైపునకు వచ్చును. ఎడమవైపువారికి పోవునప్పుడు కనబడిన కైలాసగిరి, కురుసుర, మూడు గుట్టలు, డాల్ఫిన్ నోస్ అన్నియు కుడివైపువారికి తిరుగుప్రయాణములో తప్పక కనబడును. దానికై ఎవరును తమ స్థానమునుండి లేవనక్కరలేదు.