పార్శ్వనొప్పికి సంప్రదాయ వైద్యం: పరీక్షలు ఏం తేల్చాయి?

తలలో ఒక పక్కనే మొదలై, నరాలు తెగిపోతున్నట్లు అదిరి, వెలుతురునూ చప్పుడునూ భరించనీయని నొప్పిని తెలుగులో పార్శ్వనొప్పి అంటారు. డాక్టర్లు మైగ్రేన్ అంటారు, యునానీ హకీములు షఖీఖా అంటారు. ఈ పేరు మన హదీసు గ్రంథాలలోనూ ఉంది. దైవప్రవక్త (స) ఇహ్రాం స్థితిలో ఉండగా షఖీఖా బాధకు తలపై హిజామా చేయించుకున్నారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపిన ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది.

అందువల్ల ఈ నొప్పి ఉన్న మన ఇళ్ళలో హిజామా మాట తప్పక వస్తుంది. నొప్పి ఎక్కువగా పీడించేది స్త్రీలనే. మా కొంగరకలాన్ వంటి ఊళ్ళనుండి చార్మినారు పక్కనున్న నిజామియా యునానీ ఆసుపత్రికి వెళ్ళేవారున్నారు. అద్దె గదులలో కప్పులు పెట్టేవారిని ఆశ్రయించేవారూ ఉన్నారు. మూడుసార్లు చేయించుకుంటే ఇక జన్మలో రాదని మాట ఇచ్చేవారినీ, ఆ మాట నమ్మి డాక్టరు రాసిన మాత్రలు మానేసినవారినీ మేము చూశాము. సున్నత్ పట్ల గౌరవం వేరు, దాని పేరుతో మనుషులు ఇచ్చే హామీ వేరు.

మైగ్రేన్ విషయంలో విస్తృతంగా పరీక్షకు నిలిచిన సంప్రదాయ చికిత్స చైనా వారి సూదివైద్యం, అంటే ఆక్యుపంక్చర్. 2005లో వెలువడిన ఒక జర్మనీ అధ్యయనంలో 302 మంది రోగులను చీటీలు తీసినట్లు మూడు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి శాస్త్రం చెప్పిన చోట సూదులు గుచ్చారు. రెండవ వర్గానికి సంబంధం లేని చోట, పైపైన గుచ్చారు. మూడవ వర్గాన్ని వేచి ఉండమన్నారు. తలనొప్పి రోజులు సగానికైనా తగ్గినవారు మొదటి వర్గంలో నూటికి 51 మంది, రెండవ దానిలో 53 మంది, వేచి ఉన్నవారిలో 15 మంది! సూదివల్ల మేలు కలిగింది నిజమే, కాని ఏ చోట గుచ్చినా ఒకటే అయింది. 2017లో చైనా వైద్యులు 249 మందిపై జరిపిన పరిశీలనలో మాత్రం అసలు సూదులకే మొగ్గు కనిపించింది. 16 వారాల తరువాత నొప్పి రావడం సగటున 3.2 సార్లు తగ్గగా, ఉత్తుత్తి సూదులకు 2.1 సార్లు, వేచి ఉన్నవారికి 1.4 సార్లు తగ్గింది. తగ్గింది అన్నారే గాని, రోగం మూలంతో పోయిందని ఎవరూ అనలేదు.

ఇలా పోల్చి చూడడం పరాయి పద్ధతి అనుకునేవారికి ఒక మాట. 10వ శతాబ్దపు తొలినాళ్ళలో మరణించిన హకీం అబూబక్ర్ రాజీ, మెదడు పొరల వాపు సోకినవారిలో కొందరికి రక్తం తీసి, కొందరికి కావాలనే తీయకుండా వదిలి, ఫలితం గమనించినట్లు తన 'అల్ హావీ'లో రాసుకున్నారు. ఆ మహాగ్రంథాన్ని 1955 నుండి సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫే.

కనుక హిజామా చేయించుకోదలచినవారు చేసే వ్యక్తి చదువును అడగాలి, బ్లేడు తమ ఎదుటే కొత్తది విప్పించుకోవాలి. వాడిన బ్లేడు కామెర్ల వైరస్‌ను అంటిస్తుంది. వైద్యం తెలియకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి పూచీదారు అనే భావంగల హదీసు అబూదావూద్‌లో ఉంది. మా విద్యార్థులకు మేము దానిని తప్పక బోధిస్తాము, అడిగే హక్కు రోగికి ఉందని కూడా.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టి నొప్పి వచ్చిన తేదీ, ఆ రాత్రి నిద్ర, మానిన భోజనం, మింగిన మాత్ర రాసుకుంటే హకీముకైనా డాక్టరుకైనా ఉపయోగం. నెలలో 10, 15 రోజులకు మించి నొప్పి మాత్రలు వేసుకుంటే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. రమజానులో సహరీ వదలడం, టీ ఒక్కసారిగా మానడం కూడా నొప్పిని రేపుతాయి. అయితే ఎన్నడూ లేనంత తీవ్రంగా హఠాత్తుగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, చేయి లేక కాలు పడిపోవడం కనిపిస్తే కప్పులకూ సూదులకూ సమయం కాదు, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.