బొమ్మల పుస్తకానికి మూడు వయసులు

2023లో మా అబ్బాయితో కలిసి టోక్యో వెళ్ళి సిడ్నీకి తిరిగి వస్తున్నాను. వాడికి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. యూనివర్సిటీలో జపనీసు నేర్చుకుంటున్నాడు. విమానం ఎక్కగానే సంచీలోంచి నాలుగు పుస్తకాలు తీసి, మూడు పక్కన పెట్టుకుని, ఒకటి నా ఒళ్ళో పడేసి నిద్రపోయాడు. జపాను బొమ్మల కథల్ని కుడినుంచి ఎడమకి చదవాలన్న సంగతి మర్చిపోయి మన అలవాటు ప్రకారం తెరిచాను. అంటే, కథ చివరినుంచి మొదలుపెట్టానన్నమాట. రెండు కాగితాలు తిప్పేసరికి వేడినీళ్ళ గుండంలో స్నానం చేస్తూ ఒకావిడ ప్రత్యక్షమైంది. పక్కసీటులో పెద్దావిడ చూసిందేమోనని గభాలున మూసేశాను.

దిగడానికి గంట ముందు, ఆస్ట్రేలియాలోకి వచ్చేవాళ్ళు నింపవలసిన కార్డు చేతికిచ్చారు. మందులు, తుపాకులు, మాదకద్రవ్యాల వరసలో చట్టవిరుద్ధమైన అశ్లీల సామగ్రి కూడా ఉంటుంది అందులో. ఇన్నేళ్ళుగా ఆ కార్డు నింపుతున్నాను కానీ ఊరగాయల గురించి తప్ప మరో ప్రశ్న దగ్గర నా చెయ్యి ఎప్పుడూ ఆగలేదు.

వాణ్ణి లేపి, “ఏరా, ఇదేమిటి?” అన్నాను.

“ఫ్యాన్ సర్వీస్ నాన్నా,” అన్నాడు కళ్ళు తెరవకుండానే.

“ఆవిడ వయసెంత?”

“ఇరవై ఏడు. ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. మీ టీములో సగంమంది కంటే పెద్దది.”

ఎందుకైనా మంచిదని 'అవును' అన్న గడిలోనే గుర్తు పెట్టించాను. సిడ్నీలో అధికారి నాలుగు పుస్తకాలూ తిరగేసి, తిరిగి ఇచ్చేశాడు. మా వాడు నావైపు అదోలా చూశాడు. కానీ నా అనుమానం తీరలేదు. ఏది ఎందుకు ఒప్పు, ఏది ఎందుకు తప్పు అన్నది తేలకపోతే ప్రోగ్రాములు రాసేవాడికి నిద్రపట్టదు. అప్పటినుంచి చదివి తెలుసుకున్నది నాలాంటి తల్లిదండ్రులకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మన తరానికి బొమ్మల కథ అంటే చందమామ, అమర చిత్ర కథ. బొమ్మలుంటే పిల్లలది, లేకపోతే పెద్దలది అన్నది మన లెక్క. జపానులో ఆ లెక్క పనిచెయ్యదు. అక్కడ మాంగా చాలావరకు ముందు పత్రికలో ధారావాహికగా వచ్చి, తరవాత పుస్తకమవుతుంది. ఆ పత్రిక ఎవరికోసమన్నదాన్నిబట్టే కథకి కులగోత్రాలు. మగపిల్లలకైతే షోనెన్, ఆడపిల్లలకైతే షోజో, వయసొచ్చిన మగవాళ్ళకి సేనెన్, వయసొచ్చిన ఆడవాళ్ళకి జోసే. 1979లో మొదలైన యంగ్ జంప్, 1980లో మొదలైన యంగ్ మేగజీన్ సేనెన్ పత్రికలు. అలాగని సేనెన్ అనగానే శృంగారం అనుకోకూడదు. మియమోతో ముసాషి అనే ఖడ్గవీరుడి కథ వేగబాండ్ కూడా ఈ కోవలోదే.

ఇక ఫ్యాన్ సర్వీస్. ఇది జపాను వాళ్ళు తయారుచేసుకున్న ఇంగ్లీషు మాట. అసలు అర్థంలో, అభిమానుల్ని సంతోషపెట్టడానికి చేసే పని ఏదైనా సరే. వేదిక మీద పాటగాడు జనానికి చెయ్యి ఊపినా ఫ్యాన్ సర్వీసే. మాంగా దగ్గరకొచ్చేసరికి ఆ అర్థం కుంచించుకుపోయి, కథకి అవసరం లేకపోయినా చదివేవాడి కళ్ళకోసం పెట్టిన కవ్వింపు బొమ్మ అయి కూర్చుంది. తెలుగులో అభిమానరంజనం అనవచ్చేమో. పేరు లేకపోయినా సరుకు మనకి కొత్తది కాదు. హీరో తమ్ముడు ఆసుపత్రిలో ప్రాణాలతో పోరాడుతూ ఉంటాడు, విలన్ డెన్‌లో ఐటమ్ సాంగ్ మొదలవుతుంది. ఆ పాట తీసేస్తే కథకి లోటు లేదు. లోటల్లా టిక్కెట్లకే.

మాంగాలో ఈ అలవాటు వెనకాలా అలాంటి లెక్కే ఉంది. 1968లో పుట్టిన షోనెన్ జంప్ పత్రిక 1990ల నడుమ వారానికి అరవై అయిదు లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. ఏ కథ నచ్చిందో పాఠకులు పోస్టుకార్డు మీద రాసి పంపేవారు. అట్టడుగుకి జారిన కథని ఆపేసేవారు. వారానికి ఇరవై పేజీలు గీసే చిత్రకారుడికి, వచ్చే వారం కూడా తన కథ ఉండాలంటే కవ్వింపు బొమ్మ తేలికైన దారి. ఆ పత్రిక పుట్టిన ఏడాదే గో నగాయ్ అనే ఆయన హరెంచి గకుయెన్ అనే కొంటె బడికథ మొదలుపెడితే తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ పెద్ద గొడవ చేశారు. గమనించండి, అది పెద్దల పత్రిక కాదు, మగపిల్లల పత్రిక. అంటే పత్రిక వయసు చూసి లోపలి బొమ్మల్ని ఊహించలేమన్నమాట.

ఇది మొదటి వయసు, పాఠకుడిది. రెండోది అట్ట మీద ముద్రించిన వయసు. ఆస్ట్రేలియాలో సినిమాల్లాగా ప్రతి పుస్తకానికీ సర్టిఫికెట్ అక్కర్లేదు. 1995 నాటి వర్గీకరణ చట్టం ప్రకారం, పెద్దలకే పరిమితం చెయ్యవలసి వస్తుందనుకున్న ప్రచురణల్నే క్లాసిఫికేషన్ బోర్డుకి పంపాలి. అందుచేత కొట్లో కనిపించే మాంగాలో చాలావాటి మీద ప్రభుత్వపు గుర్తు ఉండదు. విజ్ మీడియా లాంటి అమెరికా ప్రచురణకర్తలు వేసే టి, టి ప్లస్, ఎమ్ అన్న అక్షరాలు వాళ్ళు స్వయంగా పెట్టుకున్నవి. టి అంటే టీనేజివాళ్ళకి, టి ప్లస్ అంటే వాళ్ళలో పెద్దవాళ్ళకి, ఎమ్ అంటే పెద్దలకి. అవి సలహాలే, చట్టం కాదు. ఈ సంగతి తెలియక, కొట్లో పెట్టారంటే ఎవరో చూసే ఉంటారని నేను చాలాకాలం ధీమాగా ఉన్నాను.

మూడోది బొమ్మలో ఉన్న మనిషి వయసు. చట్టం అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది దీన్నే. పద్ధెనిమిదేళ్ళలోపు పిల్లల్నిగానీ, పిల్లల్లా కనిపించేవాళ్ళనిగానీ సగటు పెద్దమనిషికి ఏవగింపు కలిగేలా చూపించిన ప్రచురణకి వర్గీకరణ నిరాకరించాలని జాతీయ వర్గీకరణ నియమావళి చెబుతుంది. నిరాకరించారంటే దాన్ని దేశంలో అమ్మకూడదు, బయటినుంచి తేకూడదు. పిల్లల లైంగిక చిత్రణ అయితే దగ్గర ఉంచుకోవడమే నేరం. ఇందులో కీలకం 'కనిపించేవాళ్ళు' అన్న మాట. ఈమె అయిదువందల ఏళ్ళ మంత్రగత్తె అని రచయిత రాసుకున్నంతమాత్రాన చెల్లదు, బొమ్మ ఏం చూపిస్తోందన్నదే లెక్క. గీసిన బొమ్మ మనిషెలా అవుతుందన్న ప్రశ్న కూడా కోర్టుకెక్కింది. సింప్సన్స్ కార్టూన్ పాత్రలతో గీసిన అశ్లీల బొమ్మల కేసులో, కల్పిత పాత్ర కూడా చట్టం చెప్పే 'వ్యక్తి' కిందకి రావచ్చని న్యూ సౌత్ వేల్స్ సుప్రీం కోర్టు 2008లో తేల్చింది.

2020లో ఈ విషయం బాగా రచ్చకెక్కింది. ఫిబ్రవరిలో సెనేటర్ స్టర్లింగ్ గ్రిఫ్, కొన్ని మాంగాలూ యానిమేలూ పిల్లల్ని లైంగికంగా చూపిస్తున్నాయని సెనేట్‌లో ప్రసంగించారు. దక్షిణ ఆస్ట్రేలియా శాసనమండలి సభ్యురాలు కోనీ బొనారోస్ ఫిర్యాదు మీద సిడ్నీలోని కినోకునియా పుస్తకాల కొట్టు ఏడు శీర్షికల్ని తీసేసింది. ఆగస్టులో నో గేమ్ నో లైఫ్ అనే సచిత్ర నవల 1, 2, 9 సంపుటాలకి బోర్డు వర్గీకరణ నిరాకరించింది. మాంగా అభిమానుల్లో కొందరు ఇది కళ మీద దాడి అన్నారు.

నా మటుకు నాకు, మూడు వయసుల్నీ కలగలపడంలోనే తికమక ఉందనిపిస్తుంది. మసమునె షిరో గీసిన గోస్ట్ ఇన్ ద షెల్ తీసుకోండి. 1989లో యంగ్ మేగజీన్‌లో మొదలైంది. కథానాయిక పోలీసు దళానికి నాయకురాలు, ఎదిగిన మనిషి. 1995లో ఇంగ్లీషు పుస్తకం వేసినప్పుడు శృంగార సన్నివేశం ఒకటి తీసేశారు, 2004లో మళ్ళీ చేర్చారు. తీసినా కథ నిలబడింది, చేర్చినా ఎవరి కొంపా మునగలేదు. ఎదిగిన మనుషుల బొమ్మల్ని ఎదిగిన మనుషులు చూడడం అభిరుచికి సంబంధించిన సంగతి. పిల్లల్ని అలా గీయడం అభిరుచి కాదు. ఆ గీత అక్కడ ఉండవలసిందే.

ఇంత తెలుసుకున్నాక ఊరుకోలేక, ఓ ఆదివారం భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చాను. పుస్తకం కొనేముందు మూడు వయసులూ చూడాలి అన్నాను. వాడి సేనెన్ పుస్తకాల్ని హాల్లోంచి వాడి గదిలోకి మార్పించాను. వాడు గొణుక్కుంటూనే మార్చాడు.

పధ్నాలుగేళ్ళ మా అమ్మాయి అంతా విని, “నేను చదివే షోనెన్‌లోనూ ఇవి ఉన్నాయి నాన్నా,” అంది. “కత్తిదెబ్బలు ఇద్దరికీ తగులుతాయి. బట్టలు మాత్రం ఆడవాళ్ళవే చిరుగుతాయి. నేనూ ఫ్యాన్‌నే కదా, మరి ఈ సర్వీస్ ఎవరికి?”

నేను చూసుకున్న మూడు వయసుల్లోనూ ఈ ప్రశ్న లేదు. ఆడపాఠకుల కోసం అందమైన మగవాళ్ళని గీసే పత్రికలూ ఉన్నాయని చెప్పబోయాను. అది తనడిగినదానికి జవాబు కాదని చెప్పకముందే తెలిసిపోయి ఊరుకున్నాను.

ఆ రాత్రి తెనాలిలో మా ఇల్లు గుర్తొచ్చింది. ఆదివారం టీవీలో సినిమా వస్తే ఇంటిల్లిపాదీ చాపమీద కూర్చుని చూసేవాళ్ళం. క్లబ్బు డాన్సు మొదలుకాగానే మా అమ్మ మంచినీళ్ళు తాగొస్తానంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది. పాట అయ్యేదాకా వచ్చేది కాదు. అమ్మకి అంత దాహం ఎందుకో నేనెప్పుడూ అడగలేదు.