దూరపు పక్షి - దుర్భిణి చూపు

దూరపు కొండలు నునుపని మన పెద్దలన్నారు. దూరపు పక్షుల విషయమును అంతియే. దూరము వస్తువును చిన్నది చేయుటయే గాక దాని విశేషములను చెరిపివైచును. అందువలననే పక్షులను గుర్తింపబూనినవారు ముక్కాలిపై నిలుపు ఒంటికంటి దుర్భిణిని ఆశ్రయింతురు. దీనినే స్పాటింగ్ స్కోపు అందురు. దీని శక్తి ఎంతటిదో తెలిసినవారు పెక్కుమంది. దాని హద్దు తెలిసినవారు కొందరే.

భూపాలపల్లి జిల్లాలోని ఘనపురము చెరువు, మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువు కాకతీయుల నాటివి. జనగామ చెంత చీటకోడూరు జలాశయము కలదు. ఇట్టి విశాల జలముల గట్టున నిలిచినపుడు ఆవలి యొడ్డునందలి కొంగ తెల్లని చుక్కవలె తోచును. 20 రెట్లు పెంచు దుర్భిణిలో, 1,000 మీటర్ల దూరపు పక్షి 50 మీటర్లలో నున్నట్లు కానవచ్చును. 60 రెట్లు పెంచినచో ఇంకను స్పష్టము కావలెను గదా! కాదు. 80 మిల్లీమీటర్ల కటకము గల దుర్భిణిలో, 20 రెట్లప్పుడు కంటికి చేరు వెలుగుపుంజము వెడల్పు 4 మిల్లీమీటర్లు. 60 రెట్లప్పుడు 1.3 మాత్రమే. బింబము పెరిగినకొలది మసకబారును. పైగా ఎండవేళ వేడెక్కిన గాలిపొరలు కదలాడుచు వెలుతురును వంచును. దుర్భిణి పక్షిని పెంచినట్లే ఆ కదలికను గూడ పెంచును. ఎంత విలువైన కటకమును ఆ గాలిని తుడిచివేయజాలదు. చల్లని ఉదయమున, సూర్యుడు వెనుకనుండగా చూచుటయే కొంత మేలు.

తెల్లకొంగలనే తీసికొందము. చిన్న తెల్లకొంగకు కాళ్లు నలుపు, వ్రేళ్లు పసుపు. నీట నిలిచినపుడు ఆ వ్రేళ్లు కానరావు. పెద్ద తెల్లకొంగకు నోటిచీలిక కంటిని దాటి వెనుకకు పోవును. నడితరపు కొంగకు కంటి క్రిందనే ఆగును. కదలాడు బింబమున ఆ సన్నని గీత ఎట్లు నిలుచును? పరిమాణమును బట్టి చెప్పుదమన్న, ప్రక్కన పోల్చుటకు తెలిసిన పక్షి లేనిచో పెద్దచిన్నలు తెలియవు. నీటికాకుల జాతులకును ఇదే చిక్కు.

1931-32లో సలీం అలీ హైదరాబాదు సంస్థానమున పక్షుల సర్వే జరుపునాటికి, పక్షిని తుపాకితో కొట్టి, చేతబట్టి, కొలిచి నిర్ణయించుట పద్ధతి. నేడు ప్రాణము తీయకయే పేరు చెప్పుచున్నాము. ఇది మేలైన మార్పు. కాని చేతికందిన పక్షి ఇచ్చు నిశ్చయమును దూరపు పక్షినుండి ఆశింపరాదు.

ఆంధ్రుడగు అన్నంభట్టు తర్కసంగ్రహమున అయథార్థ జ్ఞానమును విభజించుచు సంశయమును, విపర్యయమును వేరుపరచెను. ఎదుట నున్నది మ్రోడో మనుష్యుడో తేలకుండుట సంశయము. ముత్యపుచిప్పను వెండి యనుకొనుట విపర్యయము. సంశయించినవాడు మరల చూచును. భ్రమించినవాడు చూచుట మానును.

ఈ భేదము పండితచర్చకే పరిమితము గాదు. 1987 నుండి ఏటేట జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. ఏ చెరువున ఏ పక్షి తగ్గినదో ఇట్టి పట్టికలే చెప్పవలెను. ఊహించి వ్రాసిన పేరు లేని పక్షిని ఉన్నట్లు చూపును. ఉన్నదాని లెక్కను చెరుచును.

ఉపాధ్యాయులు విద్యార్థులను చెరువుగట్టునకు గొనిపోయినపుడు పక్షి పేరుతోపాటు ఆధారమును గూడ అడుగవలెను. ఏమి చూచితివి? ఎంత దూరమునుండి? వెలుతురు ఎటునుండెను? ఆధారము చాలక “తెల్లకొంగ, జాతి తేలలేదు” అని వ్రాసిన బాలునికి మార్కులు తగ్గింపరాదు. పదియేండ్ల తరువాత ఆ పుస్తకము తెరచువాడు నమ్మగలిగినది ఆ వ్రాతనే.