ఎండింగ్ ఎప్పుడో తెలియని బీజీఎం: ఇండీ గేమ్స్‌కు మ్యూజిక్ ఎలా చేస్తారు?

సినిమాకి రీరికార్డింగ్ చేసే మ్యూజిక్ డైరెక్టర్‌కి ఒక సౌకర్యం ఉంటుంది. హీరో ఎంట్రీ ఎన్ని సెకన్లో, విలన్ ఎప్పుడు తల తిప్పుతాడో, సీన్ ఎక్కడ కట్ అవుతుందో అన్నీ ముందే తెలుసు. స్క్రీన్ మీద సీన్ వేసుకుని దానికి సరిపడా వాయిస్తే చాలు. గేమ్‌కి మ్యూజిక్ చేసేవాళ్లకి ఆ సౌకర్యం లేదు. అదే లెవెల్‌ని మీరు 40 సెకన్లలో దాటేయొచ్చు, మీ తమ్ముడు 20 నిమిషాలు అక్కడే చిక్కుకుపోవచ్చు. మధ్యలో అమ్మ పిలిస్తే పాజ్ చేసి వెళ్లిపోవచ్చు. ఇన్ని రకాలుగా ఆడినా మ్యూజిక్ మాత్రం ఎక్కడా తెగినట్టు అనిపించకూడదు.

పెద్ద స్టూడియోల్లో ఈ పనికి ప్రత్యేకంగా ఆడియో టీమ్ ఉంటుంది. ఇండీ గేమ్స్‌లో చాలాసార్లు ఒక్కరే ఉంటారు. కొన్నిసార్లు ఆ ఒక్కరే కోడ్ కూడా రాస్తారు. అయినా గత పదిహేనేళ్లలో జనం గుర్తుపెట్టుకున్న గేమ్ మ్యూజిక్‌లో చాలా భాగం ఈ చిన్న టీమ్‌ల నుంచే వచ్చింది. అదెలాగో, మీరు మొదలుపెట్టాలంటే ఏం కావాలో, సంతకం పెట్టే ముందు ఏం చూసుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

ఒక్కరే చేసిన గేమ్స్

ముందుగా అండర్‌టేల్. టోబీ ఫాక్స్ 2013లో కిక్‌స్టార్టర్‌లో 5,000 డాలర్లు అడిగితే 51,124 డాలర్లు వచ్చాయి. గేమ్ 2015లో రిలీజైంది. కథ, కోడింగ్, మ్యూజిక్ మూడూ ప్రధానంగా ఆయనవే. సౌండ్‌ట్రాక్‌లో 101 ట్రాక్‌లు ఉన్నాయి. ఒక్క మనిషి 101 ట్యూన్లు ఎలా కట్టారు అనుకుంటున్నారా? కిటుకు ఇక్కడే ఉంది. అన్నీ పూర్తిగా కొత్తవి కావు. గేమ్ మొదట్లో వినిపించే చిన్న మెలొడీనే మళ్లీ మళ్లీ వేషం మార్చుకుని వస్తుంది. ఒకచోట నెమ్మదిగా, ఇంకోచోట వేగంగా, చివరి ఘట్టాల్లో పూర్తి ఊపుతో. ఆ ట్యూన్ అప్పటికే మీ చెవిలో పడి ఉంటుంది కాబట్టి, క్లైమాక్స్‌లో వినగానే ఒళ్లు జలదరిస్తుంది. పని తగ్గింది, ప్రభావం పెరిగింది.

స్టార్‌డ్యూ వ్యాలీది ఇంకో దారి. ఎరిక్ బరోన్ సుమారు నాలుగున్నరేళ్లు ఒంటరిగా కూర్చుని బొమ్మలు, కోడ్, కథ, మ్యూజిక్ అన్నీ చేశారు. 2016లో గేమ్ వచ్చింది. అందులో ఒక్కో సీజన్‌కి వేరే పాటలు ఉంటాయి. వసంతం అయిపోయి ఎండాకాలం మొదలైందని క్యాలెండర్ చూడక్కర్లేదు, చెవికే తెలిసిపోతుంది.

బాస్టియన్ (2011) సంగతి విన్నారా? కంపోజర్ డారెన్ కార్బ్ దాని మ్యూజిక్‌ని, వాయిస్‌ని న్యూయార్క్‌లోని తన అపార్ట్‌మెంట్‌లో, బట్టలు పెట్టుకునే చిన్న గదిలో రికార్డ్ చేశారు. వేలాడే బట్టలు ప్రతిధ్వనిని పీల్చేసుకుంటాయి. స్టూడియో అద్దె కట్టలేని వాళ్లకి ఇప్పటికీ పనికొచ్చే చిట్కా ఇది.

అసలు తలనొప్పి లూప్‌తోనే

ఒక చిన్న లెక్క వేద్దాం. టెంపో 100 బీపీఎం, బార్‌కి 4 బీట్లు అనుకోండి. ఒక బార్ 2.4 సెకన్లు. 16 బార్ల ట్యూన్ అంటే 38.4 సెకన్లు. మీ తమ్ముడు ఆ లెవెల్‌లో 20 నిమిషాలు ఉంటే అదే ట్యూన్‌ని 31 సార్లు వింటాడు. మొదటిసారి అద్భుతంగా అనిపించిన హై నోట్ పదోసారికి చిరాకు పుట్టిస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు లూప్‌లో మరీ కొట్టొచ్చే హుక్‌ని తగ్గిస్తారు, లేదా లూప్‌నే రెండు మూడు నిమిషాలకు పెంచుతారు.

మైన్‌క్రాఫ్ట్‌లో దీనికి దొరికిన పరిష్కారం ఇంకా సింపుల్: నిశ్శబ్దం. సీ418 అనే పేరుతో పనిచేసే డానియల్ రోసెన్‌ఫెల్డ్ మ్యూజిక్ అందులో నిరంతరం మోగదు. ఒక ట్రాక్ అయ్యాక చాలాసేపు ఏమీ ఉండదు. మీరు గుంత తవ్వుకుంటూ ఉంటే ఎప్పుడో అనుకోకుండా పియానో మొదలవుతుంది. అందుకే విసుగు రాదు, గుర్తుండిపోతుంది. 2011లో వచ్చిన ఆ ఆల్బమ్‌ని అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2025లో తన నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చింది.

లూప్ అతుకు దగ్గర రెండు సాంకేతిక చిక్కులున్నాయి. మొదటిది ఫార్మాట్. ఎంపీ3 ఎన్‌కోడింగ్‌లో ఫైల్ ముందు, వెనక కొంచెం ఖాళీ చేరుతుంది. పాట వినేటప్పుడు పట్టించుకోం, లూప్ చేస్తే మాత్రం ప్రతి రౌండ్‌కీ చిన్న కుదుపు వినిపిస్తుంది. అందుకే గేమ్స్‌లో ఓగ్ లేదా వేవ్ ఫైళ్లు వాడతారు. రెండోది రివర్బ్ తోక. చివరి నోట్ గాల్లో ఇంకా మోగుతుండగానే ట్రాక్ మొదటికి వెళ్లిపోతే ఆ తోక తెగిపోతుంది. దీనికి మందు ఏంటంటే, ట్యూన్‌ని వరసగా రెండుసార్లు వాయించి రెండో రౌండ్‌ని మాత్రమే కోసి ఎక్స్‌పోర్ట్ చేయడం. అప్పుడు మొదటి రౌండ్ తోక రెండో రౌండ్ ఆరంభంలో కలిసిపోయి ఉంటుంది. కోత కూడా అంచనాగా కాదు, శాంపిల్ లెక్కతో ఉండాలి. పైన చెప్పిన 38.4 సెకన్ల లూప్ 44,100 హెర్ట్జ్ దగ్గర సరిగ్గా 16,93,440 శాంపిల్స్ వస్తుంది.

ఆటను బట్టి మారే మ్యూజిక్

లూప్ అతుకు కుదిరింది. ఇప్పుడు శత్రువు ఎదురయ్యాడు. మ్యూజిక్ ఎలా మారాలి? ఎక్కువగా వాడే పద్ధతులు రెండు.

ఒకటి పొరల పద్ధతి. డ్రమ్స్, బేస్, మెలొడీ, స్ట్రింగ్స్ అన్నీ వేర్వేరు ఫైళ్లుగా ఒకేసారి నడుస్తుంటాయి. మామూలు నడకలో కొన్ని మ్యూట్‌లో ఉంటాయి. ప్రమాదం దగ్గరపడే కొద్దీ ఒక్కో పొర వాల్యూమ్ పైకి లేస్తుంది. రెండోది ముక్కల పద్ధతి. ట్యూన్‌ని చిన్న భాగాలుగా కోసి, ఏ భాగం తర్వాత ఏది రావాలో గేమ్ నిర్ణయిస్తుంది. మారడం కూడా బార్ పూర్తయ్యాకే జరుగుతుంది, కాబట్టి తాళం తప్పదు.

2018లో వచ్చిన సెలెస్ట్‌లో లీనా రేన్ చేసిన పని దీనికి మంచి పాఠం. ఎఫ్‌మాడ్ అనే ఆడియో మిడిల్‌వేర్ సాయంతో, చాప్టర్‌లో మీరు ముందుకు వెళ్లేకొద్దీ మ్యూజిక్ కూడా దశలు దశలుగా పెరుగుతుంది. రెండో చాప్టర్ ట్రాక్ సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లో దాదాపు పది నిమిషాలు ఉంటుంది. ఆల్బమ్‌లో వింటే ఒక పొడవాటి పాట. గేమ్‌లో మాత్రం ఆ పాటను ముందుకు నడిపేది మీరే.

2019 నాటి ఏప్ అవుట్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో మీరు బోను నుంచి తప్పించుకున్న గొరిల్లా. మ్యూజిక్ అంతా జాజ్ డ్రమ్స్. మీ ఊపుని బట్టి డ్రమ్స్ జోరు పెరుగుతుంది, గార్డుని గోడకేసి కొడితే సింబల్ మోగుతుంది. ఆడుతున్నది మీరో, వాయిస్తున్నది మీరో తెలియదు.

మన సంగీతం ఇక్కడ పనికొస్తుందా?

బాగా పనికొస్తుంది. పాశ్చాత్య పద్ధతిలో పొరలు కలిపేటప్పుడు పెద్ద జాగ్రత్త కార్డ్స్‌తో. ఒక పొర ఒక కార్డ్‌లో, ఇంకోటి వేరే కార్డ్‌లో ఉంటే వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. మన రాగం కింద ఉండేది ఒకే శ్రుతి. తంబుర నడుస్తుండగా, అదే రాగంలో కట్టిన వేణువు పొర ఎప్పుడొచ్చినా, ఎప్పుడు వెళ్లినా అపశ్రుతి పలికే ప్రమాదం చాలా తక్కువ. పొరల పద్ధతికి ఇంతకంటే వీలైన పునాది దొరకడం కష్టం. తాళం కూడా అంతే. మిశ్రచాపులో 7 మాత్రల లూప్ కడితే, నాలుగు బీట్లకు అలవాటుపడిన చెవికి అది అంత తొందరగా పాతబడదు.

టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో తెచ్చిన వెన్బాని చూడండి. కెనడాకి వెళ్లిన ఒక తమిళ కుటుంబం, వాళ్ల వంటిల్లు, అంతే కథ. అందులో వంట చేసేటప్పుడు రేడియోలో వచ్చే పాటలు కాలాన్ని బట్టి తమిళ సినిమా పాటల ధోరణిలో మారుతూ ఉంటాయి. ఏళ్లు గడిచాయని ఆ పాటలే చెప్తాయి. ఈ గేమ్‌కి 2024లో బాఫ్టా తొలి గేమ్ అవార్డు వచ్చింది. డప్పు, ఒగ్గుడోలు, బుర్రకథ తంబుర వినిపించే తెలుగు గేమ్ ఒకటి అంత పేరు తెచ్చుకోవడానికి అడ్డొచ్చే సాంకేతిక కారణం ఏదీ లేదు. డప్పు శబ్దం రికార్డ్ చేయడానికి మీ ఫోన్, ఒక ఖాళీ మైదానం, వాయించడం తెలిసిన ఒక మనిషి చాలు. ఆ మనిషి పేరు క్రెడిట్స్‌లో వేయడం, డబ్బు ఇవ్వడం మర్చిపోకండి.

మొదలుపెట్టడానికి ఏం కావాలి?

ఖర్చు దగ్గర్నుంచే మాట్లాడుకుందాం. బీప్‌బాక్స్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితం. ఫోన్‌లో అయితే బ్యాండ్‌ల్యాబ్. పీసీ ఉంటే ఎల్ఎంఎంఎస్ ఉచితం. రీపర్‌ని 60 రోజులు ట్రై చేసి, నచ్చితే చిన్న యూజర్లకు ఇచ్చే తక్కువ ధర లైసెన్స్ కొనుక్కోవచ్చు. గేమ్ ఇంజిన్లలో గోడో పూర్తిగా ఉచితం. 2024లో వచ్చిన 4.3 వెర్షన్ నుంచి పొరల పద్ధతికి, ముక్కల పద్ధతికి కావాల్సిన ఆడియో ఫీచర్లు అందులోనే ఉన్నాయి. ఎఫ్‌మాడ్ కూడా చిన్న బడ్జెట్ ఇండీ ప్రాజెక్టులకు ఉచిత లైసెన్స్ ఇస్తుంది.

మొబైల్ గేమ్ అయితే మూడు విషయాలు గుర్తుంచుకోండి.

సైజ్: కంప్రెస్ చేయని స్టీరియో ఆడియో నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఐదు పొరలు, రెండేసి నిమిషాలు అంటే 100 ఎంబీ. ఓగ్‌లో అదే దాదాపు పదో వంతుకి దిగుతుంది. పొడవాటి మ్యూజిక్‌కి ఓగ్, దెబ్బ, దూకుడు లాంటి చిన్న శబ్దాలకి వేవ్ వాడటం మామూలు అలవాటు.

స్పీకర్: మంచి హెడ్‌ఫోన్స్‌లో దడదడలాడే బేస్ బడ్జెట్ ఫోన్ స్పీకర్‌లో అసలు వినిపించదు. బేస్ లైన్‌కి ఒక స్థాయి పైన అదే ట్యూన్‌ని లైట్‌గా కలిపితే, చిన్న స్పీకర్‌లోనూ చెవి దాన్ని పట్టుకుంటుంది. మిక్స్ పూర్తయ్యాక ఇంట్లో ఉన్న అతి చవక ఫోన్‌లో ఒకసారి వినండి.

బ్లూటూత్: మామూలు ఇయర్‌బడ్స్‌లో శబ్దం 150 నుంచి 250 మిల్లీసెకన్లు ఆలస్యంగా రావడం సాధారణం. 120 బీపీఎంలో బీట్‌లో నాలుగో వంతు 125 మిల్లీసెకన్లు. అంటే బీట్‌కి తగ్గట్టు ట్యాప్ చేయాల్సిన గేమ్ అయితే, ప్లేయర్ తప్పు లేకుండానే ఓడిపోతాడు. క్యాలిబ్రేషన్ సెట్టింగ్ తప్పనిసరిగా పెట్టమని డెవలపర్‌కి చెప్పండి.

ట్యూన్ మీదే, హక్కు ఎవరిది?

చాలామంది ఫ్రెండ్ గేమ్‌కి మ్యూజిక్ ఇస్తారు, కాగితం మాత్రం రాసుకోరు. గేమ్ ఆడకపోతే గొడవే లేదు. ఆడితేనే అసలు గొడవ. మైక్రోసాఫ్ట్ 2014లో మైన్‌క్రాఫ్ట్ కంపెనీ మోజాంగ్‌ని 250 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు కూడా ఆ తొలి మ్యూజిక్ హక్కులు రోసెన్‌ఫెల్డ్ దగ్గరే ఉన్నాయి. ఆయన వాటిని ముందే వదులుకోలేదు కాబట్టి.

మన చట్టం కూడా ఇక్కడ కొంత అండగా ఉంటుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలపరిమితి రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే అని లెక్కిస్తారు. కాబట్టి పేజీ పెద్దదేం అక్కర్లేదు, నాలుగు మాటలు స్పష్టంగా ఉంటే చాలు: ఏ ట్రాక్‌లు, ఎంత కాలానికి, డబ్బు ఎంత, ఎప్పుడు, సౌండ్‌ట్రాక్‌ని విడిగా అమ్ముకునే హక్కు ఎవరిది.

ఇంకొకటి. ఆల్బమ్‌ని స్ట్రీమింగ్ యాప్స్‌కి ఇచ్చేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ దగ్గర కంటెంట్ ఐడీ ఆప్షన్ ఉంటుంది. ఆలోచించకుండా ఆన్ చేస్తే, మీ గేమ్‌ని యూట్యూబ్‌లో ఆడి చూపించే వాళ్లందరికీ కాపీరైట్ క్లెయిమ్‌లు వెళ్తాయి. ఇండీ గేమ్‌కి ఉన్న ప్రచారమే వాళ్లు. ముందు డెవలపర్‌తో మాట్లాడుకోండి.

మరి ఏఐ?

టైప్ చేస్తే ట్యూన్ వచ్చే రోజుల్లో ఇదంతా ఎందుకు అని అడగొచ్చు. స్టీమ్ 2024 జనవరి నుంచి గేమ్‌లో ఏఐతో చేసిన కంటెంట్ ఉంటే ఆ వివరం చెప్పమంటోంది, ఆ సంగతి స్టోర్ పేజీలో కొనేవాళ్లకు కనిపిస్తుంది. అది ఒక లెక్క. ఇంకో లెక్క ఏంటంటే, ట్యూన్ దొరకడం ఈ పనిలో సగమే. ఏ గది దగ్గర డ్రమ్స్ ఆగాలి, పదోసారి చచ్చిన ప్లేయర్‌కి మ్యూజిక్ మొదటి నుంచి రావాలా, ఆగిన చోట నుంచే రావాలా, ఎక్కడ అసలు ఏమీ మోగకూడదు అన్నవి గేమ్ ఆడి, ఓడి, మళ్లీ ఆడితే తప్ప తెలియవు.

అందుకే మొదటి ప్రయత్నానికి లూడమ్ డేర్ లాంటి గేమ్ జామ్ సరైన చోటు. రెండు మూడు రోజుల్లో గేమ్ మొత్తం పూర్తి చేయాలి, ఎంట్రీ ఫీజు లేదు, మ్యూజిక్ చేసేవాళ్ల కోసం వెతికే డెవలపర్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. ఒక లూప్, రెండు పొరలు, ఒక చోట నిశ్శబ్దం. వీటితో మొదలుపెట్టండి. తర్వాత ఆ గేమ్ ఫ్రెండ్ చేతికిచ్చి పక్కన కూర్చోండి. 20 నిమిషాల తర్వాత కూడా వాడు సౌండ్ మ్యూట్ చేయలేదంటే, రెండో ట్రాక్ మొదలుపెట్టొచ్చు.