పంచదార బదులు మధుపత్రి: షిఫ్టు టీ నుంచి అరిసెల పాకం దాకా

బ్లాస్ట్ ఫర్నేస్‌ను సాయంత్రం ఆర్పి పొద్దున్నే వెలిగించడం కుదరదు. అందుకే భిలాయి ఉక్కు కర్మాగారం పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. మూడు షిఫ్టుల ఈ ఊళ్లో నిద్రను ఆపేది, అలసటను తీర్చేది, కబుర్లకు తోడయ్యేది ఒక్కటే. అది పాలు, పంచదార దండిగా వేసి మరిగించిన టీ.

ఒక టీలో రెండు చెంచాల పంచదార అంటే సుమారు 8 నుంచి 10 గ్రాములు. షిఫ్టులోనూ ఇంట్లోనూ కలిపి రోజుకు ఐదు టీలు తాగితే 40 నుంచి 50 గ్రాములు. రోజుకు 2,000 కిలో కేలరీలు తీసుకునే వ్యక్తి విడిగా కలిపిన చక్కెరలను 50 గ్రాములకు మించనివ్వకూడదని, వీలైతే 25 గ్రాముల లోపే ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. అంటే స్వీటు, బిస్కెట్టు ముట్టకుండానే టీలతోనే కోటా అయిపోతోంది.

మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన అధ్యయనం 2023లో అంచనా వేసింది. రాత్రి షిఫ్టులు చేసేవారిలో ఈ ముప్పు కొంత ఎక్కువని పలు పరిశోధనలు చెబుతున్నాయి. ఈ పరిస్థితిలో చాలామంది చూపు ఒక చిన్న మొక్క మీద పడుతోంది. అదే స్టీవియా. తెలుగులో మధుపత్రి అంటారు. హిందీ ప్రాంతంలో మీఠీ తులసి అన్న పేరూ ఉంది. నిజానికి దీనికి తులసితో చుట్టరికం లేదు. ఇది చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్క.

పరాగ్వే కొండల నుంచి పెరటి కుండీకి

స్టీవియా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని పరాగ్వే. అక్కడి గ్వారనీ ప్రజలు తమ మాతే పానీయం చేదును తగ్గించడానికి ఈ ఆకును తరతరాలుగా వాడుతున్నారు. స్విట్జర్లాండ్‌లో పుట్టి పరాగ్వేలో స్థిరపడిన వృక్షశాస్త్రవేత్త మోయిసెస్ బెర్తోనీ 1899లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. 1931లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు దీని తీపి పదార్థాన్ని శుద్ధ రూపంలో వేరు చేశారు. 1970లలో జపాన్ దీన్ని ఆహార పరిశ్రమలో వాడడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోనూ, బస్తర్ ప్రాంతంలోని కొండగావ్ వైపు, దీన్ని సాగు చేస్తున్నారు. హిమాచల్ ప్రదేశ్‌లోని పాలంపూర్‌లో సీఎస్ఐఆర్ పరిశోధన సంస్థ ఈ పంట మీద పనిచేస్తోంది. క్వార్టర్ ముందు కుండీలోనూ దీన్ని పెంచుకోవచ్చు. విత్తనాలు సరిగా మొలవవు కనుక కొమ్మ ముక్కలు నాటడం మేలు. వేర్ల దగ్గర నీళ్లు నిలిస్తే మొక్క కుళ్లిపోతుంది. వానాకాలంలో మురుగు పోయే ఏర్పాటు, మండు వేసవిలో కొంచెం నీడ ఉండాలి. పూత వస్తే ఆకులో తీపి తగ్గుతుంది కాబట్టి అంతకు ముందే ఆకు కోయాలి.

తీపి ఉంది, కేలరీలు ఏమయ్యాయి?

ఆకులోని తీపికి కారణం స్టీవియాల్ గ్లైకోసైడ్లు అనే పదార్థాలు. స్టీవియాల్ అనే అణువుకు గ్లూకోజ్ అణువులు పూసల్లా అతుక్కుని ఉంటాయి. మూడు గ్లూకోజ్‌లు ఉంటే అది స్టీవియోసైడ్, నాలుగు ఉంటే రెబాడియోసైడ్-ఎ. ఇవి నాలుక మీది తీపి గ్రాహకాలకు పంచదార కంటే చాలా గట్టిగా అతుక్కుంటాయి. అందుకే సుమారు 200 నుంచి 300 రెట్లు ఎక్కువ తీపిగా ఉంటాయి. పది గ్రాముల పంచదార ఇచ్చే తీపికి ఇవి 40 మిల్లీగ్రాములు చాలు.

మన జీర్ణరసాలు ఈ పూసలను విడదీయలేవు. అవి చెక్కుచెదరకుండా పెద్దపేగు దాకా వెళ్తాయి. అక్కడి బాక్టీరియా గ్లూకోజ్‌ను తెంపుకుని తామే వాడుకుంటుంది. మిగిలిన స్టీవియాల్ రక్తంలోకి చేరి, కాలేయంలో మార్పు చెంది, మూత్రంలో బయటికి పోతుంది. అందువల్ల రక్తంలో గ్లూకోజ్ పెరగదు.

ఇవి నాలుక మీది కొన్ని చేదు గ్రాహకాలనూ తట్టిలేపుతాయి. స్టీవియా టీ తాగాక చివర్లో ఒక రకమైన చేదు మిగలడానికి కారణం అదే. స్టీవియోసైడ్ కంటే రెబాడియోసైడ్-ఎలో ఈ చేదు తక్కువ.

ఎంత వాడవచ్చు?

ఆహార సంకలితాలను పరిశీలించే అంతర్జాతీయ నిపుణుల సంఘం 2008లో దీనికి పరిమితి నిర్ణయించింది. స్టీవియాల్ లెక్కన రోజుకు శరీర బరువులో ప్రతి కిలోకు 4 మిల్లీగ్రాముల వరకు ఫరవాలేదు. 60 కిలోల మనిషికి ఇది 240 మిల్లీగ్రాముల స్టీవియాల్, అంటే సుమారు 600 మిల్లీగ్రాముల స్టీవియోసైడ్. ఐదు టీలకు కావలసింది 200 మిల్లీగ్రాములే కనుక పెద్దలు ఈ గీత దాటడం అరుదు. 15 కిలోల పిల్లవాడికి మాత్రం గీత 150 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది.

ఈ పరిమితి కనీసం 95 శాతం శుద్ధి చేసిన పదార్థానికి సంబంధించింది. ఆకులో తీపి ఎంత ఉందో మొక్కను బట్టి, కోత సమయాన్ని బట్టి మారుతుంది. మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2015లో స్టీవియాల్ గ్లైకోసైడ్ల వాడకానికి అనుమతి ఇచ్చింది.

కొనేటప్పుడు పొట్లం వెనక వైపు చదవడం అవసరం. 40 మిల్లీగ్రాముల పొడిని చెంచాతో కొలవలేం కనుక తయారీదారులు దానికి వేరే పదార్థం కలిపి పరిమాణం పెంచుతారు. అది మాల్టోడెక్స్‌ట్రిన్ లేదా డెక్స్‌ట్రోజ్ అయితే రక్తంలో గ్లూకోజ్‌ను పెంచుతుంది. ముందు వైపు ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల ఉన్నదంతా ఆకు సారమే అనుకోకూడదు.

అరిసెలకు ఎందుకు పనికిరాదు?

స్టీవియా వేడికి తట్టుకుంటుంది. టీలో మరిగించినా, పాయసంలో కలిపినా తీపి పోదు. చిక్కు వచ్చేది పాకం దగ్గర. వంటలో పంచదార, బెల్లం చేసే పని తీపి ఒక్కటే కాదు. నీళ్లు ఆవిరవుతున్న కొద్దీ పాకం చిక్కబడి, మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. సుమారు 115 డిగ్రీల దగ్గర, గిన్నెలోని నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కడుతుంది. అరిసెల పిండిని పట్టి ఉంచేది ఆ పాకమే. అర కిలో బెల్లం బదులు రెండు గ్రాముల పొడి వేస్తే తీపి వస్తుందేమో గానీ, పాకం రాదు, ఉండ కట్టదు.

కేకుకు వచ్చే గోధుమరంగు, కమ్మని వాసన కూడా చక్కెరలు వేడికి మారడం వల్లే వస్తాయి. జామ్‌లో పంచదార నీటిని పట్టి ఉంచి సూక్ష్మజీవులను పెరగనివ్వదు. ఈ పనులేవీ స్టీవియా చేయలేదు. అందుకే దాన్ని టీ, నిమ్మరసం, మజ్జిగ లస్సీలకు వాడుకుని, అరిసెలను పండగకు రెండుకు పరిమితం చేసుకోవడం తెలివైన పని.

బరువు తగ్గుతుందా?

బరువు అదుపు కోసం స్టీవియాతో సహా చక్కెరేతర తీపి పదార్థాల మీద ఆధారపడవద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. వీటివల్ల దీర్ఘకాలంలో కొవ్వు తగ్గినట్టు ఆధారాలు కనిపించలేదని పేర్కొంది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఈ సూచన వర్తించదు. టీలో మిగిల్చిన కేలరీలు పక్కనున్న సమోసాతో తిరిగి వచ్చేస్తే లాభం లేదు కదా! రెండు చెంచాలను కొన్ని వారాలపాటు ఒకటిన్నరకు, తర్వాత ఒకటికి తగ్గిస్తే నాలుక కూడా నెమ్మదిగా తక్కువ తీపికి అలవాటు పడుతుంది.

జేబులో పంచదార ఉండాల్సిందే

ఒక సందర్భంలో మాత్రం స్టీవియా ఎంతమాత్రం పనికిరాదు. ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మధుమేహ మాత్రలు వాడేవారికి, భోజనం ఆలస్యమైనప్పుడు, శ్రమ ఎక్కువైనప్పుడు రక్తంలో గ్లూకోజ్ 70 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోవచ్చు. అప్పుడు చెమటలు, వణుకు, గుండెదడ, తికమక కలుగుతాయి. కొలిమి దగ్గర పనిచేసే మనిషికి చెమట పడితే వేడి వల్లే అనుకుని పట్టించుకోకపోవచ్చు. అదే ప్రమాదం.

ఆ సమయంలో స్టీవియా కలిపిన టీ ఇస్తే తీపి తగులుతుంది గానీ గ్లూకోజ్ అందదు. మూడు చెంచాల పంచదార లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించి, ఇంకా తక్కువగానే ఉంటే మరోసారి ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలి. మందులు వాడుతున్నవారు రోజూ తినే పంచదారను ఒక్కసారిగా తగ్గించాలనుకుంటే ముందుగా డాక్టరుకు చెప్పడం మంచిది. మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

ఇంట్లో టీ డబ్బా పక్కన మధుపత్రి పొడి పెట్టుకోవచ్చు. రాత్రి షిఫ్టుకు వెళ్లేటప్పుడు మాత్రం జేబులో ఒక చిన్న పొట్లం అసలు పంచదార ఉండాలి.