రోగి పరిచర్యలో దైవచింతన

రోగికి మందు ఎంత అవసరమో ధైర్యవచనము కూడ అంత అవసరము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల ప్రజలకు ఈ విషయము మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. పెనుకొండ బాబయ్యస్వామి దర్గాకు మతభేదము లేక జనులు పోయి మ్రొక్కుకొనుట అందరు నెరిగినదే.

పూర్వము పెనుకొండ తాలూకాలో చేరియుండిన పుట్టపర్తియందు శ్రీ సత్యసాయిబాబా 1956లో ఉచిత వైద్యశాలను నెలకొల్పిరి. 1991 నవంబరు 22వ తేదీన అచ్చటి ప్రశాంతిగ్రామమునందు పెద్ద ఆసుపత్రిని నాటి ప్రధానమంత్రి శ్రీ పి. వి. నరసింహారావు ప్రారంభించిరి. రోగిసేవయే దైవసేవ యను భావము ఆ పరిచర్యకు మూలము. క్రైస్తవ సన్యాసిగా స్పెయిను నుండి భారతదేశమునకు వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము చేరిరి. ఆయన స్థాపించిన సంస్థ ధర్మవరమునకు సమీపమున బత్తలపల్లిలో ఆసుపత్రిని నిర్మించినది. మార్గములు వేరైనను ఫలము ఒక్కటే.

లండనునందు 1967లో అవసానదశ రోగులకై సేవాశాలను స్థాపించిన సిసిలీ సాండర్సు మొదట నర్సుగా శిక్షణ పొందినవారు. బాధ దేహమునకే కాదు, మనస్సునకు, కుటుంబమునకు, ఆత్మకు కూడ కలదని ఆమె బోధించిరి. అట్టి రోగులకు ఇంటివద్దనే పరిచర్య చేయు పనిలో కేరళ రాష్ట్రము 2008 నుండి పంచాయతీలకు పాత్ర కల్పించినది.

అయితే నర్సు చేయవలసినది మతబోధ కాదు. రోగి నమ్మిక ఏదో అడిగి తెలిసికొనవలెను. ప్రార్థనకు కొంత సమయము విడువవలెను. భయమును చెప్పుకొనునపుడు ఓపికతో వినవలెను. తన మతమును రోగిపై రుద్దరాదు.

మరియొక హెచ్చరిక. విభూతి, తాయెత్తు మందునకు బదులు కావు. పాము కరచినవానిని మంత్రగాని యొద్ద కూర్చుండబెట్టిన ప్రాణమునకే ముప్పు. వెంటనే 108 వాహనమును పిలిచి, విరుగుడు సూది గల ఆసుపత్రికి చేర్చవలెను. క్షయరోగి మ్రొక్కు తీర్చుకొనవచ్చును. వైద్యుడు చెప్పిన నెలలు పూర్తియగువరకు మాత్రలు మానరాదు. మధుమేహము కలవారు రంజాను ఉపవాసమునకు ముందు వైద్యుని సంప్రదింపవలెను.

పంచాయతీ సభ్యులారా! మీ గ్రామమున మంచము పట్టినవారు ఎందరున్నారో ఆశా కార్యకర్తతో కలిసి జాబితా వ్రాయింపుడు. వారానికొకమారు ఒక్కొక్క సభ్యుడు ఒక్కొక్క ఇంటికి పోయి, మందు అందుచున్నదా, పలుకరించువారు కలరా యని విచారింపవలెను. గుడి, మసీదు, చర్చి పెద్దలను కూడ ఇందులో చేర్చుకొనుడు. ఒంటరిగా పడియున్న వృద్ధునికి మీ అడుగుల చప్పుడే సగము ఊరట. దీనికి నిధులు అక్కరలేదు. మనసుండిన చాలునని మా విన్నపము.