శాసనములలో శిల్పి నామము

ప్రాచీన భారతీయ శిల్పి అనామకుడని మన పాఠ్యగ్రంథములు చెప్పుచున్నవి. ఈ వాక్యమునకు రెండు విధములైన వ్యాఖ్యానములు కలవు. శిల్పి అహంకారమును విడిచి తన సృష్టిని దైవమునకు అర్పించెను గనుక పేరు చెక్కుకొనలేదని కొందరి ప్రశంస. సమాజము శిల్పిని గౌరవింపలేదు గనుక అతని పేరు నిలువలేదని మఱికొందరి విచారము. ప్రశంసించువారును విచారించువారును పేరు లేదను అంశమును మాత్రము ప్రశ్నింపక అంగీకరించిరి. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట అను మూడు పట్టణముల చుట్టుపట్ల దొరకిన శాసనములను ఒకచోట చేర్చి చదివినచో ఈ అంగీకారము ఎంత తొందరపాటో తెలియగలదు.

మొదట మిర్యాలగూడకు నైరుతి దిక్కున నున్న నాగార్జునకొండను తీసికొందము. ఈ క్షేత్రము 1926లో పండితుల దృష్టికి వచ్చినది. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ ఇచట తవ్వకములు జరిపెను. అప్పుడు బయల్పడిన శాసనములను ఫోగెల్ పండితుడు పరిష్కరించి ప్రకటించెను. వానిలో ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనాసంవత్సరపు శాసనము ఒకటి. కాలము క్రీస్తు శకము మూడవ శతాబ్ది. బోధిసిరి అను ఉపాసిక విజయపురికి తూర్పుగా చుల్లధమ్మగిరి విహారమున సింహళాచార్యుల కొఱకు చైత్యగృహము నిర్మింపజేసినట్లు ఇది చెప్పును. ఆమె బంధువుల పేర్లు, ఇతర స్థలములలో ఆమె చేయించిన ధర్మకార్యములు దీర్ఘముగా వర్ణింపబడినవి. చరిత్రకారులు ఈ శాసనమును సింహళ సంబంధము కొఱకు పలుమాఱులు ఉదాహరించిరి.

అయితే శాసనపు తుదిభాగమును చదువుట మన కిప్పుడు ముఖ్యము. చందముఖ, ధమ్మనంది, నాగ అను మువ్వురు స్థవిరులు నిర్మాణ పర్యవేక్షకులుగా పని జరిపించిరని చెప్పిన పిమ్మట, ఇది విధికుడను రాతిపనివాని పని యని శాసనము ముగియును. దాత ఎవరో, పర్యవేక్షకు లెవరో, చేతితో పని చేసిన వాడెవడో మూడును వేఱువేఱుగా నమోదైనవి. ఇంతకంటె స్పష్టమైన సంతకమును మూడవ శతాబ్ది నుండి ఆశింప వీలుకాదు.

విధికుని వృత్తిని తెలుపు ప్రాకృతపదము ‘సేలవఢకి’. సంస్కృతమున ‘శైలవర్ధకి’. వర్ధకి యనగా కొయ్యపని చేయువాడు. తెలుగు ‘వడ్రంగి’ ఈ పదమునుండియే వచ్చినదని నిఘంటుకారుల మతము. కావున విధికుడు మాటకు మాటగా ‘రాతి వడ్రంగి’ యగుచున్నాడు. బౌద్ధస్తూపముల చుట్టునున్న రాతి ప్రాకారములలో నిలువు కంబములకు తొలచిన రంధ్రములలో అడ్డకమ్ములను దూర్చి బిగించు పద్ధతి కొయ్యపనికి చెందినది. రాతికి ఆ బిగింపు అవసరము లేకున్నను శిల్పులు దానిని విడువలేదు. కొయ్యనుండి రాతికి కళ మాఱిన చరిత్రను కట్టడము ఆకృతిలో నిలుపుకొన్నట్లే, భాష వృత్తినామములో నిలుపుకొన్నది.

రెండవ శాసనము కోదాడకు ఆగ్నేయముననున్న జగ్గయ్యపేటది. పూర్వము బేతవోలనబడిన ఈ యూరికి వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేరు పెట్టెను. ఊరిచెంత ధనబోడను గుట్టపై నున్న స్తూపమును 1882లో బర్జెస్ పరిశోధించెను. అచట మూడు స్తంభములపై స్వల్ప భేదములతో ఒకే శాసనము మూడుమాఱులు చెక్కబడియున్నది. దానిని బ్యూలర్ చదివెను. ఇదియు వీరపురుషదత్తుని కాలముదే. ఇరువదవ సంవత్సరము, వర్షాకాలపు ఎనిమిదవ పక్షము, పదవ దినము. విధికుని సంతకమునకు ఆఱేండ్ల తరువాతిది.

ఇందలి దాత సిద్ధార్థుడు. ఇతడు రాజు కాడు, శ్రేష్ఠి కాడు, ‘ఆవేసని’. అమరకోశము ‘ఆవేశన’ శబ్దమునకు శిల్పిశాల యని యర్థము చెప్పినది. కనుక ఆవేసని యనగా శిల్పిశాలకు పెద్ద. సిద్ధార్థుని తండ్రి నాకచందుడును ఆవేసనియే. తండ్రి ఊరు కమ్మాకరట్ఠమునందలి నాడటూరు. కుమారుని ఊరు మహాకాడురూరు. వృత్తి వంశానుగతముగా వచ్చినను కుటుంబము మఱియొక యూరికి తరలినదని దీనివలన ఊహింపవచ్చును. వెలగిరి గ్రామములోని మహాచైత్యమునకు తూర్పు వాకిట సిద్ధార్థుడు ఐదు ఆయకస్తంభములను ప్రతిష్ఠించెను. బుద్ధుని జననము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, పరినిర్వాణము అను ఐదు ఘట్టములకు అవి గుర్తులని పండితుల వివరణము.

దానఫలములో భాగస్వాములుగా అతడు తన యింటివారి నందఱిని పేర్కొనెను. తల్లి నాగిలని మొదట నిలిచినది. తరువాత భార్య సముదని, కుమారుడు మూలసిరి, కుమార్తె నాకబుధనిక, తమ్ముడో అన్నయో యగు బుధినకుడు, అతని భార్య కనిక, వారి కుమారులు నాగసిరి, చందసిరి, కుమార్తె సిధథనిక. ఈ పేర్లను పరిశీలించినచో ఒక సొగసు కనబడును. నాకచందుని పేరులోని ‘చంద’ మనుమడగు చందసిరికి వచ్చినది. ‘నాక’ మనుమరాలగు నాకబుధనికకు వచ్చినది. సోదరుని కుమార్తె సిధథనిక పేరులో సిద్ధార్థుని పేరే వినవచ్చుచున్నది. పెద్దల పేర్లను పిల్లలకు పెట్టు ఆచారము మన శిల్పికుటుంబములలో పదునేడు వందల యేండ్లకు పూర్వమే యుండెననుటకు ఇది చాలిన సాక్ష్యము.

భాషాపరిశోధకులు మఱియొక విషయమును గమనింపవలెను. శాసనము ప్రాకృతమున నున్నను నాడటూరు, మహాకాడురూరు అను గ్రామనామములలో ‘ఊరు’ అను దేశ్యపదము తేటపడుచున్నది. కమ్మాకరట్ఠము తరువాతి కమ్మనాడునకు పూర్వరూపము. తెలుగు శాసనములు పుట్టుటకు ముందే తెలుగు ఊళ్ల పేర్లు నిలిచిన చోట్లలో శిల్పి చేయించిన ఈ శాసనము ఒకటి.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. సిద్ధార్థుడు స్తంభములను ప్రతిష్ఠించెనని శాసనము చెప్పుచున్నది గాని స్వయముగా చెక్కెనని చెప్పుటలేదు. అతని పేరు నిలుచుట అతడు శిల్పి యగుటచేత గాదు, దాత యగుటచేత. జగ్గయ్యపేట పేరు ప్రపంచమున ప్రసిద్ధికెక్కుటకు కారణమైన ఫలకము వేఱొకటి. చక్రవర్తి చేయెత్తి నిలువగా మేఘమునుండి చదరపు నాణెములు వర్షించుచుండును. చుట్టును చక్రము, గజము, అశ్వము, మణి, స్త్రీ మొదలగు సప్తరత్నములు. మాంధాత కథగా చెప్పబడు ఈ ఫలకము నేడు చెన్నై ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో నున్నది. ఇది క్రీస్తుకు పూర్వము రెండు, ఒకటి శతాబ్దుల నాటిది. సిద్ధార్థునికి కొన్ని శతాబ్దులకు ముందటిది. దానిని చెక్కినవాని పేరు లేదు. పేరున్న శిల్పికి చెందినవి స్తంభములు, అద్భుతశిల్పమునకు పేరులేదు. ఒకే గుట్టపై ఈ రెండును కలిసికొనలేదు.

ఇక సూర్యాపేట పరిసరములు. వాయవ్యముననున్న ఫణిగిరిలో 2001 తరువాత జరిగిన తవ్వకములలో సుందరమైన తోరణశిల్పము లభించినది. 2023లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో అది ప్రదర్శింపబడినది. ఫణిగిరిలోనే ఇక్ష్వాకు రుద్రపురుషదత్తుని పదునెనిమిదవ సంవత్సరపు శాసనము దొరకినది. అందు ధర్మచక్రమును ప్రతిష్ఠించినవాడు ఒక ప్రధాన వైద్యుడు. వైద్యుడు నిలిచెను, తోరణశిల్పి నిలువలేదు.

సూర్యాపేట చెంతనే యున్న పిల్లలమఱ్ఱిలో రేచెర్ల ప్రభువుల యాలయములు కలవు. ఇచటి శాసనములలో 1195, 1208 సంవత్సరములవి ప్రసిద్ధములు. నామేశ్వరునికి నామిరెడ్డి పేరు, ఎరకేశ్వరునికి బేతిరెడ్డి భార్య ఎరకసాని పేరు వచ్చినవి. అద్దమువలె నునుపుదేఱిన నల్లరాతి స్తంభములు, సముద్రమథనమును చూపు వర్ణచిత్రపు అవశేషములు ఇచటి విశేషములు. కాకతీయయుగపు చిత్రకళకు మిగిలిన అరుదైన గుర్తులలో ఈ చిత్ర మొకటి. దానిని వ్రాసిన చిత్రకారుడు ఆలయములోని ఏ దేవునికిని తన పేరు పెట్టలేదు. పెట్టగల స్థితి దాతదే. ఆ రేచెర్ల వంశమువాడే యగు రుద్రుడు పాలంపేటలో ఆలయము నిర్మించినట్లు 1213 నాటి శాసనము తెలుపును. ఆ యాలయమును ప్రజలు రామప్ప యందురు. రామప్ప శిల్పి యని జనశ్రుతి. శాసనమున ఆ శిల్పి లేడు. శాసనము ప్రభువును నిలుపగా, శిల్పికొక పేరుండవలెనని లోకము కోరుకొన్నది.

ఈ పరిస్థితి మనదేశమునకే పరిమితము కాదు. ఫ్రాన్సుదేశమున ఓతూన్ దేవాలయద్వారముపై పండ్రెండవ శతాబ్ది శిల్పము క్రింద గిస్లెబెర్తుస్ అను పేరు, అతడే దీనిని చేసెనను అర్థమున, చెక్కబడియున్నది. అతడు మహాశిల్పి యని చాలకాలము కీర్తింపబడెను. 1999లో లిండా సైడెల్ అతడు శిల్పి గాక దాతృస్థానమున స్మరింపబడిన ప్రభువై యుండునని వాదించెను. ‘చేసెను’, ‘చేయించెను’ అను రెండింటి నడుమ సందేహము అచటను కలదు. 1550లో వసారి ఇటలీ కళాకారుల జీవితములను గ్రంథస్థము చేసినది మొదలు కళాచరిత్ర యనగా కళాకారుల చరిత్ర యను అభిప్రాయము బలపడినది. ఆ కొలతతో చూచుటచేతనే మన శిల్పి అనామకుడుగా తోచుచున్నాడు.

మనదేశమున సాంచి దక్షిణతోరణముపై రెండు పద్ధతులును కనబడును. ఒకచోట విదిశలోని దంతపు పనివారు శిల్పము చెక్కిరని యున్నది. మఱియొకచోట సాతకర్ణిరాజు ఆవేసనుల పెద్ద, వాసిఠీపుత్రుడైన ఆనందుడు దానము చేసెనని యున్నది. విధికుడు మొదటి మార్గమువాడు, సిద్ధార్థుడు రెండవ మార్గమువాడు.

కావున తేలునది యిది. శాసనము కళను ప్రశంసించుటకు పుట్టినది కాదు. దానమును స్థిరపఱచుటకు పుట్టినది. దానికి కావలసినది ఇచ్చినవాని పేరు. శిల్పి ఇచ్చినప్పుడు శిల్పి పేరును, వైద్యుడు ఇచ్చినప్పుడు వైద్యుని పేరును, ప్రభువు ఇచ్చినప్పుడు ప్రభువు పేరును అది వ్రాసినది. బోధిసిరి వంటి దాత అనుమతించినప్పుడు పనివాని పేరును తుదివాక్యమున నిలిపినది. శిల్పి పేరు కానరాకుండుట అతని వైరాగ్యమునకు గాని, సమాజపు తిరస్కారమునకు గాని తమంతట సాక్ష్యము కాజాలదు. అది ఆ పత్రముయొక్క స్వభావము.

మన పరిశోధకులు శాసనములలో సాధారణముగా రాజవంశమును, కాలమును, దానపు వివరమును గ్రహించి తక్కిన భాగమును విడుచుచుందురు. విధికుడు తుదివాక్యములో నున్నాడు. సిద్ధార్థుని కుటుంబము బంధువుల జాబితాలో నున్నది. విడువబడు భాగములే శిల్పిచరిత్రకు ఆకరములు. తెలుగుదేశపు శాసనసంపుటములనుండి ఆవేసనుల, వర్ధకుల, కాసెపనివారి పేర్లను ఏర్చి, ఊళ్లతోను కాలముతోను కూర్చి ఒక పట్టికను సిద్ధము చేయుట పరిశోధకవిద్యార్థులు చేయదగిన పని. అది పూర్తియగువఱకు ‘అనామకుడు’ అను మాటను తరగతిలో సిద్ధాంతముగా బోధింపకుండుట ఉపాధ్యాయుల విధి.